శాసనాలు ఊళ్ళలో, చదివేవారు యూనివర్సిటీలో

కడప : విశ్వవిద్యాలయంలో చరిత్ర సదస్సు జరిగిన మరునాడు పత్రికలో నాలుగు వాక్యాల వార్త పడుతుంది. ముఖ్య అతిథి ఎవరు, జ్యోతి వెలిగించినది ఎవరు, ఎన్ని పరిశోధన పత్రాలు సమర్పించారు అన్న వివరాలు అందులో ఉంటాయి. ఏ ఊరి రాతిని గురించి ఆ పత్రాలు రాశారో ఆ ఊరికి మాత్రం కబురు చేరదు. ఆ రాయి మీద బట్టలు ఉతికేవారికి, దానికి ఎనుమును కట్టేసే రైతుకు, అందులో ఉన్నది తమ ఊరి సంగతేనని చెప్పేవారు లేరు.

కడప జిల్లాలో ఈ దూరం మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. యోగి వేమన విశ్వవిద్యాలయంలో చరిత్ర, పురావస్తు శాఖ ఉంది. ఆ శాఖకు కావలసిన ముడిసరుకు జిల్లాలోని గుళ్ళలో, చెరువు కట్టల మీద, పొలం గట్ల మీద పడి ఉంది. చదవగలిగినవారికి కాపలా కాసే శక్తి లేదు. కాపలా కాయగలిగిన ఊరివారికి అందులో ఏముందో తెలియదు. ఇద్దరూ కలవని కారణంగా ఏటా కొన్ని రాళ్ళు గోడల్లోకి, రోడ్ల కిందికి పోతున్నాయి. ఒకసారి పోయిన శాసనాన్ని మళ్ళీ రాయించడం ఎవరి తరమూ కాదు.

తెలుగుకు సాక్షి కలమళ్ళ

ఎర్రగుంట్ల మండలంలోని కలమళ్ళ గ్రామం సంగతే చూడవచ్చు. అక్కడి చెన్నకేశవస్వామి ఆలయ ఆవరణలోని శాసనం సుమారు క్రీ.శ. 575 నాటిది. రేనాటి చోళరాజు ధనంజయుడు దానిని వేయించాడు. ఎరికల్ ముత్తురాజు అన్నది అతని బిరుదు. అంతకుముందు ఈ ప్రాంతాలను ఏలిన రాజులు తమ ఆజ్ఞలను ప్రాకృతంలోనూ, సంస్కృతంలోనూ చెక్కించారు. వాటిలో అక్కడక్కడ ఊరి పేరో, మనిషి పేరో తెలుగులో కనిపించేది. రాజు ఆజ్ఞ ప్రజలు మాట్లాడే తెలుగులోనే రాతికెక్కిన తొలి ఉదాహరణగా కలమళ్ళ శాసనాన్ని పండితులు చెబుతారు. కమలాపురం మండలంలోని ఎర్రగుడిపాడు శాసనం కూడా ఆ రేనాటి చోళుల కాలానిదే.

2008 అక్టోబరు 31న కేంద్ర ప్రభుత్వం తెలుగును ప్రాచీన భాషగా గుర్తించింది. ఆ గుర్తింపు కావాలంటే భాషకు ఉన్న వయసును రుజువుతో చూపాలి. తెలుగువారు చూపిన రుజువుల్లో ముందు వరుసన నిలిచినది కడప జిల్లా రాయి. ఈ గుర్తింపును సవాలు చేస్తూ దాఖలైన పిటిషన్లను మద్రాసు హైకోర్టు 2016లో కొట్టివేసింది. కోర్టులోనైనా, ఢిల్లీలోనైనా మాటకు బలం ఇచ్చేది సాక్ష్యమే. ఆ సాక్ష్యం ఒక పల్లెటూరి గుడి ఆవరణలో, విరిగిన రాతి రూపంలో ఉంది. విరిగిన మేర అక్షరాలు శాశ్వతంగా పోయాయి.

ఇందులో మరో విచిత్రం ఉంది. ఆ రాయిని మద్రాసు మ్యూజియంకు తరలించారనీ, అక్కడ కనిపించకుండా పోయిందనీ చాలాకాలం ప్రచారం సాగింది. పత్రికల్లో రాశారు. సభల్లో ఆవేదన వ్యక్తం చేశారు. తీరా చూస్తే రాయి కలమళ్ళలోనే ఉంది. రోజూ గుడికి వెళ్ళేవారి కంటి ముందున్న దానికోసం పండితులు వందల మైళ్ళ దూరంలో వెతికారు. ఊరికీ, విశ్వవిద్యాలయాలకూ మధ్య రాకపోకలు ఉండి ఉంటే ఈ ప్రచారం నెల రోజుల్లో ఆగిపోయేది.

పోరుమామిళ్ళ చెరువు చెప్పే పాఠం

పాత రాళ్ళు చదివితే కడుపు నిండుతుందా అన్న ప్రశ్న పల్లెల్లో తరచు వినవస్తుంది. ఆ ప్రశ్నకు జవాబు పోరుమామిళ్ళలో ఉంది. అక్కడి పెద్ద చెరువును విజయనగర చక్రవర్తి మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు తవ్వించాడు. ఇతనికే భవదూరుడని పేరు. చెరువుకు అనంతరాజ సాగరమని పేరు పెట్టారు. శక సంవత్సరం 1291లో, అంటే క్రీ.శ. 1369లో, భైరవాలయం ముందు రెండు పెద్ద బండల మీద దాని చరిత్రను చెక్కించారు. భాష సంస్కృతం, లిపి తెలుగు.

రోజుకు వెయ్యి మంది కూలీలు, రాయి తోలడానికి నూరు బండ్లు, రెండేళ్ళ పని అని అందులో లెక్క ఉంది. మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలను వరుసగా చెప్పారు. ధర్మం తెలిసిన ధనవంతుడైన రాజు, నీటి శాస్త్రం చదివిన పండితుడు, గట్టి నేల, దూరం నుంచి వచ్చే తియ్యని నీటి ఏరు, ఆ ఏటికి ఆనుకుని కొండ, వాటి మధ్య మరీ పొడవు కాని దిట్టమైన రాతికట్ట, విశాలమైన లోతు గల గర్భం, దగ్గరలో మంచి రాతి గని, కింద చదునైన సారవంతమైన పొలాలు, పని తెలిసిన మనుషులు వంటివి అందులో ఉన్నాయి.

చెరువుకు రాగల ఆరు దోషాలను కూడా చెప్పారు. కట్టలో నీరు ఊరడం, చౌడు నేల, చెరువు నడుమ మిట్ట ఉండడం, నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, నీరు ఎక్కువై నేల తక్కువ కావడం అన్నవి ఐదు. రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు కట్టడం ఆరవది. నీటి కోసం రాష్ట్రాలు కోర్టుల చుట్టూ తిరుగుతున్న కాలంలో ఈ ఆరవ దోషాన్ని చదివినవారికి ఆరు వందల యాభై ఏళ్ళ కిందటి మాటగా తోచదు.

ఈ శాసనం చదవడం వల్లనే ఆనాడు చెరువు ఎలా కట్టారో ఈనాడు తెలిసింది. సాగునీటి చరిత్రను గురించి రాసేవారు దేశంలో ఎక్కడ ఉన్నా పోరుమామిళ్ళ పేరు తలచుకుంటారు. కడప జిల్లాలో గొలుసుకట్టు చెరువులు, ఊట కాలువలు చాలా ఉన్నాయి. వాటి కాలువ ఏ పొలం గుండా పోవాలి, తూము ఎవరు బాగు చేయాలి, దానికి మాన్యం ఎక్కడ ఇచ్చారు అన్న సంగతులు శాసనాల్లో ఉండే సంగతులే. ఆక్రమణ తగాదా వచ్చినపుడు పాత వివరం తెలిసి ఉంటే ఊరికి మాట బలం పెరుగుతుంది.

రాతిలో నిధి లేదు

శాసనాలకు అన్నింటికంటే పెద్ద శత్రువు గుప్తనిధుల భ్రమ. అక్షరాలు ఉన్న చోట బంగారం ఉందనీ, ఆ రాతలో నిధికి దారి ఉందనీ నమ్మేవారు రాయలసీమలో ఇంకా ఉన్నారు. అర్ధరాత్రి వచ్చి నందిని పెకలించడం, లింగాన్ని కదిలించడం, శాసనం బండను పగలగొట్టడం గురించిన వార్తలు పత్రికలకు కొత్త కాదు. తవ్వినవారికి మిగిలేది గొయ్యి. ఊరికి మిగిలేది విరిగిన దేవుడు.

శాసనంలో సాధారణంగా ఉండేది ఏమిటో తెలిస్తే ఈ భ్రమ తొలగిపోతుంది. రాజు పేరు, సంవత్సరం, దానం చేసిన భూమికి నాలుగు వైపులా ఎల్లలు, దీపానికి ఇచ్చిన ఆవులు లేక గొర్రెలు, మినహాయించిన పన్నులు, సాక్షుల పేర్లు ఉంటాయి. చివర శాపం ఉంటుంది. ఈ దానాన్ని చెడగొట్టినవారు కాశీలో గోవును చంపినంత పాపం పొందుతారని రాయిస్తారు. నాటి రాజుకు అదే రిజిస్ట్రేషన్, అదే పోలీసు. నిధి పాతిపెట్టి, దాని గుర్తులు నలుగురూ చూసే గుడి ముందు చెక్కించే అమాయకుడు ఎవరూ ఉండడు.

ఈ భ్రమ వల్ల మరో నష్టం కూడా ఉంది. సంచులు తగిలించుకుని విద్యార్థులు ఊరికి వచ్చి రాయి చుట్టూ తిరిగితే ఊరివారు నిధి దొంగలేమో అని అనుమానిస్తారు. ఆ జాగ్రత్త మంచిదే. అయితే ఎవరు ఎందుకు వచ్చారో కనిపెట్టడం కష్టం కాదు. శాసనం చదివేవారు రాతిని నీళ్ళతో, మెత్తని కుంచెతో కడుగుతారు. తడి కాగితం పరచి అక్షరాల గుంటల్లోకి దిగేటట్టు తట్టి, పైన సిరా అద్దుతారు. ఆరిన కాగితం తీస్తే నల్లని అచ్చులో తెల్లని అక్షరాలు కనిపిస్తాయి. పట్టపగలు పదిమంది ముందు జరిగే పని ఇది. రాతికి గీత కూడా పడదు. గడ్డపార తెచ్చినవాడు, రాత్రి వచ్చినవాడు, గుడిలో పూజ చేయాలని రహస్యంగా అడిగినవాడు చదువు కోసం వచ్చినవాడు కాదు.

డబ్బు ఉంది, మనుషులేరీ?

ఇటీవలి ప్రభుత్వ ప్రకటనలు చూస్తే పురాతన సంపద మీద దృష్టి పెరిగినట్టే కనిపిస్తుంది. మొదటి దశలో లక్ష శాసనాలను కంప్యూటర్లకు ఎక్కించే కేంద్రాన్ని హైదరాబాదులో నెలకొల్పుతామని 2023 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు. కోటికి పైగా చేతిరాత గ్రంథాలను సర్వే చేసి కాపాడే జ్ఞానభారతం పథకాన్ని 2025 బడ్జెట్‌లో ప్రకటించారు. గండికోట పర్యాటక అభివృద్ధికి 2024లో కేంద్రం రూ.77.91 కోట్లు మంజూరు చేసింది. సిద్ధవటం సమీపంలోని లంకమల అడవుల్లో 2025 తొలి నెలల్లో కేంద్ర పురావస్తు శాఖ శాసన విభాగం పరిశీలన జరిపింది. ఆదిమానవుల రాతి చిత్రాలు, క్రీ.శ. 4 నుంచి 16 శతాబ్దాల మధ్య చెక్కిన శాసనాలు అక్కడ వెలుగు చూశాయి. అడవిలోనే ఇన్ని బయటపడితే ఊళ్ళలో ఎన్ని ఉంటాయో ఊహించుకోవచ్చు.

కాని కంప్యూటర్‌కు ఎక్కించాలంటే ముందు రాయి ఎక్కడ ఉందో తెలియాలి. తెలిసిన తర్వాత చదివేవారు కావాలి. ఈ రెండు చోట్లా వెలితి ఉంది. పాత తెలుగు లిపిని తప్పు లేకుండా చదవడానికి ఏళ్ళ తరబడి సాధన అవసరం. అది గురువు పక్కన కూర్చుని నేర్చుకునే విద్య. చదువు చెప్పే పోస్టులు ఖాళీగా ఉంటే ఆ విద్య ఆ తరంతోనే ఆగిపోతుంది. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో 3,220 బోధనా పోస్టుల భర్తీకి 2023లో ప్రకటన వెలువడింది. ఆ తర్వాత అది కోర్టు వివాదాల్లో చిక్కుకుంది. ఒక్కసారి అన్ని పోస్టులకు ప్రకటన ఇవ్వవలసి వచ్చిందంటే అప్పటిదాకా ఎన్ని కుర్చీలు ఖాళీగా ఉన్నాయో అర్థమవుతుంది.

డిగ్రీ చదువుల్లో వచ్చిన మార్పు కూడా గమనించదగినది. అంతకుముందు బి.ఎ.లో చరిత్ర, ఆర్థిక శాస్త్రం, రాజనీతి శాస్త్రం మూడూ కలిపి చదివేవారు. 2023-24 నుంచి ఒకే ప్రధాన విషయం ఎంచుకునే పద్ధతి వచ్చింది. అలాంటి పద్ధతిలో చరిత్రే కావాలని కోరుకునే విద్యార్థి ఉంటేనే ఆ తరగతి నడుస్తుంది. ఉద్యోగం వస్తుందా అని తల్లిదండ్రులు అడగడంలో తప్పు లేదు. గ్రూప్స్ పరీక్షల్లో చరిత్రకు పెద్ద పీట ఉంది. బడుల్లో, మ్యూజియంలలో, పర్యాటక రంగంలో కొంత అవకాశం ఉంది. అయితే శాసన లిపి నేర్చినవారికి ప్రత్యేకంగా పోస్టులు చూపనిదే ఆ దారిన వచ్చేవారు పెరగరు. గండికోటలో కోట్లు ఖర్చు చేసి విడిది గదులు కట్టినా, కోట కథ సక్రమంగా చెప్పగలిగిన స్థానిక యువకుడు లేకపోతే వచ్చినవారు లోయ ముందు ఫొటో దిగి వెళ్ళిపోతారు.

అందరికీ తెరిచే రోజులు

విశ్వవిద్యాలయంలో జరిగేది పెద్ద చదువుల వారి వ్యవహారమని గ్రామస్థులు దూరంగా ఉంటున్నారు. సంవత్సరంలో కొన్ని రోజులు చరిత్ర గురించి అందరూ వినదగిన కార్యక్రమాలు జరిగే రోజులు. జనవరి 19 వేమన జయంతి. ఏప్రిల్ 18 ప్రపంచ వారసత్వ దినం. మే 18 అంతర్జాతీయ మ్యూజియం దినం. ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం. నవంబరు 10 బ్రౌన్ జయంతి. నవంబరు 19 నుంచి 25 వరకు ప్రపంచ వారసత్వ వారోత్సవాలు. ఏటా ఈ వారంలో గండికోట, సిద్ధవటం కోట వంటి కేంద్ర రక్షణలోని కట్టడాల మీద జనం దృష్టి పడుతుంది. ఇవికాక, 1976లో మొదలైన ఆంధ్రప్రదేశ్ హిస్టరీ కాంగ్రెస్ మహాసభలు ఒక్కో ఏడాది ఒక్కో ఊళ్ళో జరుగుతుంటాయి. అందులో స్థానిక చరిత్ర మీద పత్రాలు చదువుతారు.

కడపలో చూడదగిన చోట్లు కూడా ఉన్నాయి. బ్రౌన్ దొర బంగళా ఉన్న స్థలంలో వెలసిన సి.పి. బ్రౌన్ గ్రంథాలయం యోగి వేమన విశ్వవిద్యాలయంలో భాగం. అక్కడ తాళపత్రాలు ఉన్నాయి. భగవాన్ మహావీర్ ప్రభుత్వ మ్యూజియంలో జమ్మలమడుగు దగ్గర దానవులపాడు నుంచి వచ్చిన జైన శిల్పాలు ఉన్నాయి. పరీక్షలు అయిన తర్వాత పిల్లలను సినిమాకు తీసుకువెళ్ళే ఖర్చులో సగానికే ఈ రెండూ చూపించి రావచ్చు. బడి పంతుళ్ళు పూనుకుంటే బస్సెడు పిల్లలు వెళ్ళవచ్చు.

గ్రామ పంచాయతీ చేయగలిగింది

రాళ్ళను కాపాడడానికి పంచాయతీకి పెద్ద నిధులు అక్కరలేదు. ఊళ్ళో అక్షరాలు ఉన్న రాళ్ళు, వీరగల్లులు ఎక్కడెక్కడ ఉన్నాయో ఒక పుస్తకంలో రాసి ఉంచితే మొదటి మెట్టు ఎక్కినట్టే. ఉదయం ఎండ గాని, సాయంత్రపు ఎండ గాని పక్కనుంచి పడుతున్నపుడు సెల్‌ఫోనుతో ఫొటో తీస్తే అక్షరాలు స్పష్టంగా వస్తాయి. మిట్టమధ్యాహ్నం తీస్తే ఏమీ కనిపించదు. ఆ ఫొటోను, రాయి ఉన్న చోటును విశ్వవిద్యాలయ చరిత్ర శాఖకు, జిల్లా మ్యూజియంకు పంపవచ్చు.

గుడి జీర్ణోద్ధరణ సమయంలోనే శాసనాలకు ఎక్కువ ముప్పు. భక్తితోనే సున్నం వేస్తారు, రంగులు పూస్తారు, కొత్త నేల పరిచేటపుడు పాత బండను తిరగేసి పరుస్తారు. దాతల పేర్లతో కొత్త పాలరాతి పలక పెట్టేటపుడు, ఆరు వందల ఏళ్ళ కిందటి దాత పేరు ఉన్న రాయిని పక్కన పారేయడం న్యాయం కాదు. పని మొదలుపెట్టకముందే అక్షరాలున్న రాళ్ళను చూపించి మేస్త్రీకి చెప్పాలి. అక్షరాలు బాగా కనిపించాలని ఉలితో గీకడం, పెయింటు దిద్దడం అసలు చేయరాదు. దిద్దినవారికి తోచిన అక్షరమే మిగులుతుంది, అసలు అక్షరం పోతుంది.

పొలంలో నాణేలు, రాగి రేకులు, విగ్రహాలు దొరికితే దాచుకోవడం ప్రమాదం. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన విలువ గల నిక్షేపం దొరికితే కలెక్టరుకు తెలపాలి. తెలిపినవారికి, భూమి యజమానికి చట్టంలో హక్కులు ఉన్నాయి. దాచినవారు తమ వాటా పోగొట్టుకోవడమే కాక, ఏడాది వరకు శిక్ష కూడా పొందవచ్చు. నూరేళ్ళు దాటిన శిల్పాలు, శాసనాలు, డెబ్బై ఐదేళ్ళు దాటిన విలువైన చేతిరాత గ్రంథాలు 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి వస్తాయి. తాతల నాటి తాళపత్రాలు అటక మీద ఉన్నవారు వాటిని ఏట్లో కలపకుండా బ్రౌన్ గ్రంథాలయం వారికి చూపిస్తే అందులో ఏముందో తెలుస్తుంది.

శాఖ తీర్చవలసిన బాకీ

బాధ్యత అంతా ఊరిదే అనడం కూడా సరికాదు. దత్తమండలాలు 1800లో కుంపిణీ చేతికి వచ్చిన తర్వాత కల్నల్ మెకంజీ మనుషులు ఊరూరా తిరిగారు. కరణాలను, పెద్దలను కూర్చోబెట్టి గ్రామ వృత్తాంతాలు రాయించారు. అవే కైఫియత్తులు. కడప జిల్లా కైఫియత్తులను తర్వాత బ్రౌన్ పరిశోధన కేంద్రం పుస్తకాలుగా అచ్చు వేసింది. 1820లో కడపకు వచ్చిన బ్రౌన్ సొంత డబ్బుతో పండితులను పెట్టి తెలుగు గ్రంథాలను పరిష్కరింపజేశాడు. రోడ్లూ బస్సులూ లేని కాలంలో పరాయి దొరలు చేసిన పని, ఊరికో రోడ్డు పడిన కాలంలో సొంత విశ్వవిద్యాలయానికి అసాధ్యం కాదు.

ఏ ఊరి శాసనం చదివినా అందులోని సంగతిని వాడుక తెలుగులో ఒక్క పేజీలో రాసి ఆ పంచాయతీకి ఇవ్వడం ఒక నియమంగా పెట్టుకుంటే చాలు. ఆ పేజీని పంచాయతీ ఆఫీసు గోడ మీద అంటిస్తారు. బడిలో పిల్లలు చదువుతారు. ఫలానా రాయిలో మన చెరువు కథ ఉందని తెలిసిన ఊరు ఆ రాయిని ఎవరినీ ముట్టుకోనివ్వదు. ఏ చట్టమూ పెట్టలేని కాపలా అది. సదస్సు వేదిక కూడా ఎప్పుడూ నగరంలోనే ఉండనక్కరలేదు. ఏడాదికి ఒక్కటైనా కలమళ్ళ గుడి ముందో, పోరుమామిళ్ళ కట్ట మీదో జరిపితే వినేవారికి కొదవ ఉండదు.

జిల్లాలో చదివిన శాసనాలను రాష్ట్ర పురావస్తు శాఖ సంపుటాలుగా వేసింది. కాగితపు అచ్చులు మైసూరులోని కేంద్ర శాసన విభాగంలో ఉన్నాయి. వాటిలో చేరిన రాయి రేపు విరిగినా మాట మిగులుతుంది. ఇంతవరకు ఎవరి కంటా పడని రాళ్ళకు ఆ భద్రత లేదు. అటువంటి రాయి తమ ఊళ్ళో ఉందా అన్నది తేల్చవలసినది గ్రామస్థులు. ఉందని కబురు వస్తే కాగితం, సిరా పట్టుకుని బయలుదేరవలసినది విశ్వవిద్యాలయం.